మీటరు ఎక్కడ పెట్టాలి? కృష్ణా నీటి తగాదాలో గణితం చెప్పే మాట

ఎర్రమంజిల్ మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి జలసౌధ పేరు కొత్త కాదు. తెలంగాణ నీటిపారుదల శాఖ ప్రధాన కార్యాలయం అదే. రాష్ట్ర విభజన చట్టం కింద 2014లో ఏర్పాటైన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు కూడా ఏళ్లుగా ఆ భవనం నుంచే నడిచింది. వార్తల్లో కేఆర్‌ఎంబీ అని మీరు వినేది దాని పేరే.

బోర్డు ఎన్నిసార్లు సమావేశమైనా మళ్లీ మళ్లీ బల్ల మీదకు వచ్చే ప్రశ్న ఒకటుంది. ఏ రాష్ట్రం ఎంత నీరు వాడిందో కొలిచే పరికరాలను ఎక్కడెక్కడ పెట్టాలి?

వినడానికి ఇది ఇంజనీర్ల గొడవలా ఉంటుంది. కానీ మీ ఇంటి నల్లాకు దీనితో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్ తాగునీటిలో పెద్ద వాటా నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా జలాలదే. పైగా ‘తక్కువ కొలతలతో ఎక్కువ నిజం తెలుసుకోవడం ఎలా’ అన్న ప్రశ్న మీద గణితంలో వందేళ్లకు పైబడిన శాస్త్రం ఉంది. ఆ శాస్త్రానికి పునాదిరాళ్లు వేసిన వారిలో ఒక తెలుగు మనిషి కూడా ఉన్నారు. ఆ శాస్త్రం ఏం చెబుతుంది? ఎక్కడ ఆగిపోతుంది? ఈ కథనంలో చూద్దాం.

అసలు తగాదా ఏమిటి?

బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. విభజన తర్వాత 2015లో తాత్కాలిక ఏర్పాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలని అనుకున్నారు. ఆ నిష్పత్తి మీద తెలంగాణ అభ్యంతరాలు వేరే కథ. వాటా ఎంతైనా సరే, ఎవరు ఎంత తీసుకున్నారో కొలవకపోతే దానికి అర్థం లేదు.

అందుకే టెలిమెట్రీ వచ్చింది. కాలువ దగ్గర సెన్సర్ పెడతారు. అది నీటిమట్టాన్ని, వేగాన్ని కొలిచి ఆ వివరాలను మనిషి ప్రమేయం లేకుండా కేంద్రానికి పంపుతుంది. తొలి విడతలో 18 చోట్ల వీటిని పెట్టారు. రెండో విడతలో మరో 9 చోట్ల పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి నీరు తీసుకునే పోతిరెడ్డిపాడు దగ్గర కొలత ఎక్కడ తీయాలన్నది కూడా రెండు రాష్ట్రాల వాదనల్లో ఒక అంశమైంది. చివరకు 2025 జులై 16న కేంద్ర జల్‌శక్తి మంత్రి సమక్షంలో ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులు సమావేశమయ్యారు. కృష్ణా పరిధిలో టెలిమెట్రీ పరికరాలు పెట్టేందుకు అంగీకారం కుదిరింది. కృష్ణా బోర్డు అమరావతిలో, గోదావరి బోర్డు హైదరాబాద్‌లో ఉండాలన్నదీ అక్కడే అనుకున్నారు.

కొలతలో చిన్న తేడా వస్తే ఎంత నష్టం?

ఒక లెక్క వేద్దాం. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యం 44 వేల క్యూసెక్కులు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన 44 వేల క్యూసెక్కులు ఒక రోజు పారితే 3.8 టీఎంసీలు.

ఇప్పుడు కొలతలో 5 శాతం తేడా ఉందనుకోండి. ఇది కేవలం ఉదాహరణకు తీసుకున్న అంకె. 3.8 టీఎంసీల్లో 5 శాతమంటే 0.19 టీఎంసీ, అంటే దాదాపు 538 కోట్ల లీటర్లు.

హైదరాబాద్‌కు నీరిచ్చే కృష్ణా పథకం మూడు దశల మొత్తం సామర్థ్యం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. లీటర్లలో చెప్పాలంటే సుమారు 123 కోట్లు. అంటే వరద రోజుల్లో ఒక్క కాలువ దగ్గర, ఒక్క రోజు కొలతలో 5 శాతం తేడా వస్తే అది నగరానికి నాలుగు రోజులకు పైగా అందే కృష్ణా నీటితో సమానం.

ఆ తేడాను ఎవరూ కావాలని చేసి ఉండనక్కర్లేదు. తప్పు చోట పెట్టిన మంచి మీటరు కూడా ఆ పని చేయగలదు.

మీటరు లేని చోటే తగాదా ఎందుకు?

ఒక జలాశయాన్ని ఊహించుకోండి. లోపలికి నీరు వచ్చే దారి ఒకటి, బయటకు పోయే దారులు ఐదు. నీటిమట్టం మారకుండా నిలకడగా ఉంది. వచ్చే దారికి ఒక మీటరు, పోయే దారుల్లో నాలుగింటికి నాలుగు మీటర్లు పెట్టారు. ఐదో దారికి మీటరు లేదు. ‘దానికెందుకు దండగ? వచ్చినదాంట్లోంచి మిగతా నాలుగూ తీసేస్తే ఐదోది తేలిపోదా?’ అని ఎవరైనా అడగవచ్చు.

తేలుతుంది. కానీ ఎంత ఖచ్చితంగా? ఒక్కో మీటరులో సాధారణంగా 300 క్యూసెక్కుల తేడా ఉంటుందనుకుందాం. తీసివేతతో తేల్చిన ఐదో అంకె మీద ఐదు మీటర్ల పొరపాట్లూ వచ్చి పడతాయి. కొన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ చూపిస్తాయి కాబట్టి కొంత రద్దయిపోతుంది. అయినా ఐదో దారి దగ్గర తేడా దాదాపు 670 క్యూసెక్కులకు చేరుతుంది. ఒక్క మీటరు పొరపాటుకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ.

అంటే కొలవని చోట అనిశ్చితి పేరుకుపోతుంది. సహజంగానే అనుమానాలూ అక్కడే పుడతాయి. మీటర్ల పంపకం అంటే ఒక రకంగా అనుమానాల పంపకమే. ఎవరి కాలువను నేరుగా కొలుస్తారు, ఎవరి కాలువను తీసివేతతో తేలుస్తారు అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఖర్చు పెంచకుండా ఖచ్చితత్వం పెరుగుతుందా?

పెరుగుతుంది. పచారీ కొట్టు తక్కెడతో దీన్ని చూడవచ్చు.

మీ దగ్గర ఒక బియ్యం సంచి, ఒక పప్పు సంచి ఉన్నాయి. రెండు పళ్లాల తక్కెడ ఉంది. ఎప్పుడు తూచినా 10 గ్రాముల వరకు తేడా వస్తుంటుంది. మీకు రెండుసార్లు తూచే అవకాశమే ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? ఒకసారి బియ్యం, ఒకసారి పప్పు తూస్తారు. రెండింటి బరువులోనూ 10 గ్రాముల తేడా మిగులుతుంది.

మరో పద్ధతి ఉంది. మొదటిసారి రెండు సంచులనూ ఒకే పళ్లెంలో పెట్టి మొత్తం బరువు చూడండి. రెండోసారి బియ్యం ఒక పళ్లెంలో, పప్పు ఇంకో పళ్లెంలో పెట్టి రెండింటికీ తేడా ఎంతో చూడండి. మొత్తానికి తేడా కలిపి సగం చేస్తే బియ్యం బరువు. మొత్తంలోంచి తేడా తీసేసి సగం చేస్తే పప్పు బరువు. ఇప్పుడు ఒక్కోదానిలో పొరపాటు 10 నుంచి 7 గ్రాములకు తగ్గుతుంది. విడివిడిగా తూచి ఇదే ఖచ్చితత్వం తేవాలంటే నాలుగుసార్లు తూచాలి.

అదే తక్కెడ, అదే శ్రమ. మారింది ప్రణాళిక ఒక్కటే. ఏం కొలవాలి, ఎలా కలిపి కొలవాలి అన్నది ముందే ఆలోచించి పెట్టుకోవడాన్ని గణాంకశాస్త్రంలో ప్రయోగ రూపకల్పన అంటారు. ఉన్న ఖర్చులో అన్నిటికంటే మెరుగైన ప్రణాళికను అనుకూలతమ రూపకల్పన అంటారు.

కాలువ దగ్గర ఇది ఎలా పనికొస్తుంది?

కాలువలో ప్రవాహాన్ని నిమిష నిమిషానికీ నేరుగా కొలవడం కష్టం. నీటిమట్టం కొలవడం తేలిక. అందుకే చాలాచోట్ల ముందుగా కొన్నిసార్లు ప్రవాహాన్ని జాగ్రత్తగా కొలిచి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో ఒక పట్టిక తయారు చేస్తారు. ఇంజనీర్లు దాన్ని రేటింగ్ కర్వ్ అంటారు. ఆ తర్వాత మట్టం చూసి ప్రవాహం చెప్పేస్తారు. రెండింటినీ లాగరిథమ్ కొలమానంలో గీస్తే ఆ సంబంధం చాలాసార్లు సరళరేఖకు దగ్గరగా వస్తుంది.

ఆ రేఖ వాలు తేల్చడానికి మీకు ఆరు కొలతలకే డబ్బుంది. ఏ మట్టాల దగ్గర తీస్తారు? కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా సమానమైన ఎడంతో ఆరు చోట్ల తీయాలని చాలామందికి అనిపిస్తుంది. గణితం వేరే మాట చెబుతుంది. మూడు కొలతలు కనిష్ఠ మట్టం దగ్గర, మూడు గరిష్ఠ మట్టం దగ్గర తీయమంటుంది. అలా తీస్తే వచ్చే ఖచ్చితత్వం సమదూర పద్ధతిలో రావాలంటే 16 కొలతలు కావాలి. కర్రను తిన్నగా పట్టుకోవాలంటే రెండు చివర్లూ పట్టుకోవడమే మేలు కదా, అలాంటిదే ఇది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. సంబంధం నిజంగా సరళరేఖే అయితేనే ఈ సలహా పనిచేస్తుంది. నడుమ ఎక్కడో వంపు ఉంటే, చివర్లలో మాత్రమే కొలిచినవారికి అది ఎప్పటికీ కనబడదు. వంపు ఉండొచ్చన్న అనుమానం ఉంటే మధ్యలోనూ కొలవాలి. ‘అనుకూలతమం’ అన్న మాట వెనుక ఎప్పుడూ ఒక షరతు దాగి ఉంటుంది. ఆ షరతు ఏమిటో అడగకుండా మాటను నమ్మకూడదు.

కంప్యూటర్ ఎందుకు కావాలి?

తక్కెడ లెక్క కాగితం మీద తేలిపోయింది. నది లెక్క అలా తేలదు.

ఉదాహరణకు మీటరు పెట్టదగ్గ చోట్లు 40 ఉన్నాయి, 9 మీటర్లకే నిధులున్నాయి అనుకుందాం. 40లోంచి 9 చోట్లను ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? 27 కోట్ల 34 లక్షలకు పైగా. ఇప్పటి కంప్యూటర్లు ఇంతవరకు తట్టుకుంటాయి. అదే 100 చోట్ల నుంచి 20 ఎంచుకోవాలంటే? సెకనుకు కోటి ఎంపికలు పరిశీలించినా 17 లక్షల ఏళ్లు పడుతుంది. అన్నీ చూసి మంచిది ఏరుకోవడం జరగని పని. అందుకే తెలివిగా వెతికే పద్ధతులు పుట్టాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది అత్యాశ పద్ధతి. ముందు ఒక్క మీటరే ఉందనుకొని, దానికి అన్నిటికంటే లాభమిచ్చే చోటు చూస్తారు. తర్వాత రెండోదానికి, ఆపై మూడోదానికి. వేగంగా పూర్తవుతుంది. కానీ మొదట వేసిన అడుగును వెనక్కి తీసుకోదు. ఊరికి ఒకటే వానమాపకం ఉంటే నడిబొడ్డున పెట్టాలనిపిస్తుంది. రెండు ఉంటే ఊరికి చెరో వైపు పెట్టడం మేలు కావచ్చు. అత్యాశ పద్ధతి అప్పటికే నడిబొడ్డున ఒకటి పాతేసి ఉంటుంది. అయినా దీన్ని తీసిపారేయలేం. కొత్తగా చేర్చే ప్రతి మీటరుతో లాభం క్రమంగా తగ్గుతూ పోయే రకం లెక్కల్లో, ఈ పద్ధతి ఇచ్చే ఫలితం అత్యుత్తమ ఫలితంలో కనీసం 63 శాతం ఉంటుందని నెమ్‌హౌజర్, వోల్సీ, ఫిషర్ 1978లో నిరూపించారు.

రెండోది మార్పిడి పద్ధతి. సోవియట్ గణాంకవేత్త వలేరీ ఫెదొరోవ్ 1970ల మొదట్లో దీనికి రూపమిచ్చారు. ముందు ఏవో 9 చోట్లు ఎంచుకుంటారు. వాటిలో ఒకటి తీసి, బయట ఉన్న 31లో ఒకటి పెట్టి చూస్తారు. ఒక విడతలో ఇలాంటి మార్పిడులు 279 మాత్రమే. అన్నిటికంటే మేలు చేసే మార్పిడిని ఖాయం చేసి మళ్లీ మొదలుపెడతారు. ఏ మార్పిడీ మేలు చేయని స్థితికి రాగానే ఆగుతారు. 1995లో మేయర్, నాక్ట్‌షైమ్ దీన్ని మరింత వేగంగా నడిచేలా మార్చారు. నేడు పరిశ్రమల్లో వాడే చాలా సాఫ్ట్‌వేర్లలో నడుస్తున్నది ఈ కుటుంబానికి చెందిన పద్ధతే.

దీనికీ ఒక బలహీనత ఉంది. దట్టమైన పొగమంచులో ఎర్రమంజిల్ గుట్ట ఎక్కిన మనిషికి ఎటు చూసినా దిగుడే కనిపిస్తే, నగరంలో ఇదే ఎత్తైన చోటు అనుకుంటాడు. పక్కనే బంజారాహిల్స్ ఉందని తెలియదు. మార్పిడి పద్ధతి కూడా ఇలాగే చిన్న గుట్ట మీద ఆగిపోగలదు. అందుకే వేర్వేరు చోట్ల నుంచి వందలసార్లు మొదలుపెట్టి చూస్తారు. అప్పుడప్పుడు కావాలనే కిందికి దిగి మళ్లీ ఎక్కే పద్ధతులూ ఉన్నాయి.

మూడోది సడలింపు పద్ధతి. మీటరును ముక్కలు చేయలేమన్న నియమాన్ని కాసేపు పక్కన పెడతారు. ఈ చోట 0.7 మీటరు, ఆ చోట 0.3 మీటరు అన్నా సరే అంటారు. అప్పుడు లెక్క ఒకే ఒక్క శిఖరం ఉన్న గుట్టలా మారిపోతుంది. దాన్ని కంప్యూటర్ నమ్మకంగా ఎక్కేస్తుంది. ముక్కల మీటర్లను ఎవరూ కొనలేరు కదా, ఉపయోగమేమిటి? అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. మీటర్లను ముక్కలు చేసినా ఇంతకు మించి సాధ్యం కాదని ఒక పైహద్దు తెలుస్తుంది. కీఫర్, వోల్ఫోవిట్జ్ 1960లో నిరూపించిన సిద్ధాంతం ఇలాంటి హద్దులకు దారి చూపింది. దానివల్ల అధికారులు ఎంచుకున్న జాబితాను తీసుకొని, ‘సాధ్యమైన మేలులో ఇది కనీసం ఇంత శాతం’ అని లెక్కగట్టి చెప్పవచ్చు. ఒక నిర్ణయానికి మార్కులు వేసే సాధనం ఇది.

ఇందులో తెలుగువారి పాత్ర ఏమిటి?

ఈ కథలో మన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సీఆర్ రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ చేశారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో నాలుగు దశాబ్దాలు పనిచేశారు.

1940లలో ఆయన ఆర్తోగొనల్ అరేలు అనే పట్టికలను ప్రవేశపెట్టారు. ఏడు అంశాలు ఉన్నాయి, ఒక్కోదానికి రెండు స్థాయిలు ఉన్నాయి అనుకోండి. అన్ని కలయికలూ పరీక్షించాలంటే 128 ప్రయోగాలు చేయాలి. ఒక్కో అంశం ప్రధాన ప్రభావం తెలిస్తే చాలనుకుంటే, ఈ రకం పట్టిక ప్రకారం 8 ప్రయోగాలతో సరిపెట్టవచ్చు. జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి ఈ పట్టికలనే కార్ల నుంచి ఎలక్ట్రానిక్స్ దాకా నాణ్యత పెంచే పద్ధతిగా మలిచారు. తక్కెడ ఉదాహరణలో చూసిన సూత్రమే దీని వెనుకా ఉంది. ప్రతి కొలతతోనూ ఒకేసారి అన్ని ప్రశ్నలకూ కొంత కొంత సమాధానం రాబట్టాలి.

రావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరుతో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల పరిశోధన సంస్థ ఉంది. జలసౌధ ఉన్న ఊళ్లోనే ఇలాంటి సంస్థ ఉండటం చిన్న విషయం కాదు.

మరి కంప్యూటర్‌కే అప్పగిస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో చెప్పే పోటీ ఒకటి 2006లో అమెరికాలోని సిన్సినాటిలో జరిగింది. నగర తాగునీటి పైపుల్లో విషం కలిస్తే త్వరగా పసిగట్టే సెన్సర్లను ఎక్కడ పెట్టాలన్నది పోటీ. పరిశోధక బృందాలకు రెండు నమూనా వ్యవస్థలు ఇచ్చారు. చిన్నదానిలో సుమారు 130 జంక్షన్లు, పెద్దదానిలో 12 వేలకు పైగా ఉన్నాయి.

లక్ష్యాలు నాలుగు పెట్టారు. ఎంత త్వరగా పసిగట్టాం? అప్పటికి ఎంతమంది ప్రభావితమయ్యారు? ఎంత కలుషిత నీరు వాడకంలోకి పోయింది? అసలు పసిగట్టే అవకాశం ఎంత? బృందాలు ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒక లక్ష్యంలో ముందున్న ఏర్పాటు మరోదానిలో వెనకబడింది. వీరే విజేత అని ఒకరిని చూపలేని పరిస్థితి.

కంప్యూటర్ మీరు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న రాయాల్సింది మనుషులు.

కృష్ణా విషయంలోనూ అంతే. అన్ని కాలువల్లో సగటు పొరపాటు తగ్గించాలా? లేక అన్నిటికంటే అధ్వానంగా ఉన్న కాలువ దగ్గర పొరపాటు తగ్గించాలా? సగటు అడిగితే చిన్న కాలువలు మీటరు లేకుండా మిగిలిపోవచ్చు. అధ్వానమైనదాన్ని అడిగితే పెద్ద కాలువల దగ్గర ఖచ్చితత్వం కొంత వదులుకోవాలి. రెండూ గణితంగా సరైనవే. ఏది ఎంచుకున్నా ఒకరికి లాభం, ఒకరికి నష్టం. ఆ ఎంపికను లెక్కల వెనుక దాచకుండా ముందే కాగితం మీద పెట్టాలి.

వాన కొలతలోనూ ఇదే సమస్య ఉందా?

ఉంది. 2020 అక్టోబర్ 13 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఎర్రమంజిల్‌కు దగ్గర్లోని బేగంపేటలో వాతావరణ శాఖ కేంద్రం 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదు చేసింది. నగరానికి తూర్పున ఘట్‌కేసర్ దగ్గర రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ కేంద్రంలో 32 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. రెండింటి మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

బేగంపేట అంకె ఒక్కటే చూసినవారికి ఆ రాత్రి తీవ్రత సగమే అర్థమవుతుంది. ఇప్పుడు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి. అయినా ‘ఎన్ని’ అన్నది ఒక ప్రశ్న, ‘ఎక్కడ’ అన్నది ఇంకో ప్రశ్న. పక్కపక్కనే ఉన్న రెండు కేంద్రాలు దాదాపు ఒకే అంకె చెబుతాయి. రెండోదాని వల్ల కొత్తగా తెలిసేది తక్కువ. అదే పరికరాన్ని ఎవరూ కొలవని నాలా ఎగువ ప్రాంతంలో పెడితే, దిగువన ఉన్న బస్తీకి గంట ముందు హెచ్చరిక దొరకవచ్చు.

ఇక్కడా ప్రశ్నే ముఖ్యం. నగర సగటు వర్షపాతం కావాలా, ముంపు హెచ్చరిక కావాలా? మొదటిదానికి అనుకూలమైన చోట్లు రెండోదానికి పనికిరాకపోవచ్చు.

గణితం చేయలేనిది ఏమిటి?

మూడు విషయాలు ఉన్నాయి.

ఒకటి, కాలువ మారుతుంది. పూడిక పేరుకుంటుంది, లైనింగ్ పాడవుతుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. నిరుడు సరిగ్గా ఉన్న రేటింగ్ కర్వ్ ఈ ఏడాది తప్పు చెప్పవచ్చు. చోటు ఒకసారి ఎంచుకుంటే సరిపోదు, కొలతను మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి.

రెండు, మీటర్లు చెడిపోతాయి. 9 మీటర్లకు అత్యుత్తమంగా ఉన్న ఏర్పాటు, అందులో ఒకటి ఆగిపోగానే కుప్పకూలవచ్చు. ఒకటి పోయినా నిలబడే ఏర్పాటు కావాలని కంప్యూటర్‌ను అడగవచ్చు. కానీ అడగాలి. మనం చెప్పకపోతే అన్ని మీటర్లూ ఎప్పటికీ పనిచేస్తాయనే అది అనుకుంటుంది.

మూడు, నమ్మకం. రెండు పక్షాలకూ పడని చోట కొలిచేది ఎవరన్నది, ఎలా కొలిచారన్నంత ముఖ్యం. ఎంత మంచి లెక్కయినా ఒక పక్షం గదిలో మూసి చేస్తే రెండో పక్షం ఒప్పుకోదు. ఇక్కడ కంప్యూటర్ పద్ధతికి ఒక మేలైన గుణం ఉంది. అభ్యర్థి చోట్ల జాబితా, ఒక్కో మీటరు పొరపాటు అంచనా, లక్ష్యం అనే ఈ మూడూ బయటపెడితే, అదే లెక్కను విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఎవరికి వారు చేసుకుని సరిచూసుకోవచ్చు. ‘మా చోటే సరైనది’ అన్న వాదన ‘మా లక్ష్యం ఇది’ అన్న వాదనగా మారుతుంది. రెండోదాని మీద కనీసం చర్చ జరపగలం.

మీరు ఏం అడగవచ్చు?

టెలిమెట్రీ కొనేది ప్రజల డబ్బుతోనే. కొలిచేది మీరు తాగే నీటిని. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘టెలిమెట్రీ వివరాలు ఇవ్వండి’ అని అడిగితే వచ్చేది కాగితాల కట్ట. ప్రశ్నలు సూటిగా ఉంటే మేలు.

• కొలత కేంద్రాల కోసం మొత్తం ఎన్ని చోట్లను పరిశీలించారు? ఆ జాబితా ఇవ్వండి.

• వాటిలోంచి ఎంచుకోవడానికి పెట్టుకున్న ప్రమాణం ఏమిటి? సగటు పొరపాటా, గరిష్ఠ పొరపాటా, మరొకటా?

• మీటరు లేని దారుల్లో ప్రవాహాన్ని ఎలా లెక్కిస్తున్నారు? దానిలో ఎంత తేడాకు అవకాశం ఉంది?

• ఒక్కో కేంద్రంలో కొలతను చివరిసారిగా ఎప్పుడు సరిచూశారు?

• ఒక మీటరు ఆగిపోతే ఆ రోజుల లెక్క ఎలా వేస్తారు?

ఈ అయిదు ప్రశ్నలూ కృష్ణాకే పరిమితం కావు. మీ కాలనీ నల్లా నీటి నాణ్యత నమూనాలు ఎక్కడ తీస్తున్నారు, గాలి కాలుష్యం కొలిచే కేంద్రం ఎక్కడ పెట్టారు, ట్రాఫిక్ లెక్కింపు ఏ కూడలిలో చేశారు అన్న ప్రతిచోటా ఇవే వర్తిస్తాయి. ప్రభుత్వం ఒక అంకె చెప్పినప్పుడు ఎంత అన్నది వింటాం. ఎక్కడ కొలిచారన్నది కూడా అడగడం అలవాటు చేసుకోవాలి.

2025 జులైలో కుదిరింది మీటర్లు పెట్టాలన్న అంగీకారం. ఏ చోట, ఏ లెక్క ప్రకారం అన్నది దాని తర్వాతి మెట్టు. వేసవిలో నాగార్జునసాగర్‌లో నీటిమట్టం పడిపోయి రెండు రాష్ట్రాలూ మిగిలిన నీటి కోసం లేఖలు రాసుకునే రోజున, ఆ మెట్టు సరిగ్గా ఎక్కామో లేదో నగరంలోని నల్లాల దగ్గరే తెలుస్తుంది.